బెజవాడ నడిబొడ్డున శని, ఆదివారాలు

శుక్రవారం రాత్రి

ఒంగోలు నుంచి బెజవాడ పెద్ద దూరమేమీ కాదు. అందుకేనేమో, ఇన్నాళ్లూ మాకు ఆ ఊరంటే రైలు మారే జంక్షను, లేదంటే పొద్దున బయల్దేరి రాత్రికి తిరిగొచ్చే దుర్గమ్మ దర్శనం. వెళ్లొచ్చిన ప్రతిసారీ మర్నాడంతా అత్తయ్య మోకాళ్లకు కాపడం పెట్టుకుంటూ కూర్చునేవారు. ఈసారి ఆవిడే "నావల్ల కాదమ్మాయ్, మీరు వెళ్లి రండి" అన్నారు. ఆవిడ్ని ఇంట్లో వదిలి అమ్మవారి దగ్గరికి వెళ్లడం మా ఇద్దరికీ మనస్కరించలేదు. ఊరి మధ్యలోనే ఓ హోటల్లో దిగి, ఎక్కడికెళ్లినా మధ్యాహ్నానికి గదికొచ్చి ఆవిడ నడుం వాల్చేలా చూసుకుందామని మా ఆయన అన్నారు. ఏటి ఒడ్డు రిసార్టులు చూశాంగానీ, అక్కణ్ణుంచి ఊళ్లోకి రావడానికీ పోవడానికే సగం రోజు సరిపోతుంది. అందుకని గాంధీనగర్, గవర్నర్‌పేట చుట్టుపక్కలే వెతికాం.

గది మాట్లాడుకునేటప్పుడు నేను ఫోన్‌లో అడిగిన మొదటి ప్రశ్న అద్దె గురించి కాదు, చెకౌట్ గురించి. బెజవాడలో చాలా హోటళ్లకి ఇప్పటికీ ఇరవైనాలుగు గంటల లెక్క ఉంది. రాత్రి తొమ్మిదింటికి దిగితే మళ్లీ రాత్రి తొమ్మిదింటికే రోజు పూర్తవుతుంది. పన్నెండింటి లెక్క ఉన్న చోట ఆదివారం మధ్యాహ్నం ఎండలో పెట్టెలతో సహా రోడ్డున పడాలి. పెద్దవాళ్లు వెంట ఉన్నప్పుడు ఈ తేడా చాలా పెద్దది. లిఫ్టు ఉందా, బాత్రూంలో పట్టుకోవడానికి కడ్డీ ఉందా, కమోడ్ ఉందా, ఇవీ ముందే అడిగేశాను. అవతలి అబ్బాయి విసుక్కోకుండా అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పాడు. అప్పుడే ఆ హోటల్ మీద నాకు సగం నమ్మకం కుదిరింది.

పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. చీరాల, బాపట్ల, తెనాలి చీకట్లోనే దాటిపోయాయి. కృష్ణా కెనాల్ స్టేషన్ దాటగానే బోగీలో చిల్లర వెతుకులాట మొదలైంది. అత్తయ్య రుమాలు ముడి విప్పి పిల్లలిద్దరి చేతుల్లో తలా ఓ రూపాయి పెట్టారు. వంతెన మీద రైలు నెమ్మదించింది. ఎడమవైపు కిటికీలోంచి బ్యారేజీ దీపాల వరుస, దాని వెనక ఇంద్రకీలాద్రి మీద గుడి వెలుగు కనిపించాయి. చిన్నోడు విసిరిన రూపాయి వంతెన ఇనప కమ్మీకి తగిలి ఠంగుమంది. "పర్లేదురా, కృష్ణమ్మకే చేరుతుంది" అన్నారు అత్తయ్య.

స్టేషన్ నుంచి హోటల్‌కి ఆటోలో ఎంతోసేపు పట్టలేదు. రిసెప్షన్‌లో పెద్దవాళ్లందరి ఆధార్ కార్డులూ అడిగారు, మా పెద్దది స్కూల్ ఐడీ చూపిస్తే నవ్వి తిరిగిచ్చేశారు. రెండు మంచాల గది, అదనంగా ఓ పరుపు. దుప్పట్లు ఉతికిన వాసన వస్తున్నాయి, గీజర్ పనిచేస్తోంది. అంతవరకూ బాగానే ఉంది. కానీ మాఘమాసం, పెళ్లిళ్ల రోజులు. కింద హాల్లో రిసెప్షన్ జరుగుతోంది. మా గది సరిగ్గా దాని పైనే పడింది. డీజే దరువుకి టేబుల్ మీద గాజుగ్లాసు కదులుతోంది. పదిన్నరకి మా ఆయన కిందికి వెళ్లి, అమ్మకి బీపీ ఉందని చెప్పారు. ముందు "పదకొండుకల్లా ఆపేస్తారు సార్" అన్నారట. ఆయన కౌంటర్ దగ్గర్నుంచి కదలకపోతే, వెనకవైపు రెండంతస్తుల పైన ఖాళీగా ఉన్న గది తాళం ఇచ్చారు. ఈ ప్రశ్న కూడా ముందే అడగాలని చదివేవాళ్లకి చెబుతున్నా: పెళ్లిళ్ల సీజన్లో కింద ఫంక్షన్ హాలున్న హోటలైతే వెనకవైపు గది కావాలని బుకింగ్ అప్పుడే చెప్పండి. ఆ వెనక గదిలో పడుకున్నాక మాకు పొద్దున అయిదింటికి అలారం దాకా మెలకువ రాలేదు.

శనివారం

దుర్గమ్మ దర్శనానికి శుక్రవారం, ఆదివారం రద్దీ ఎక్కువ. అందుకే శనివారం తెల్లవారుజాము ఎంచుకున్నాం. అయిదున్నరకి రోడ్డు మీద పాల ఆటోలు, పేపర్ కట్టలు విప్పుతున్న కుర్రాళ్లు తప్ప ఎవరూ లేరు. హోటల్ మధ్యలో ఉండటంతో గుడికి చేరడం చాలా తేలికైంది. స్నానం చేసి లిఫ్ట్ దిగితే ఆటో, ఆటో దిగితే కొండ కింద ఉన్నాం.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి. కనకదుర్గానగర్ వైపు మహామండపంలో లిఫ్టులున్నాయి. మెట్లెక్కక్కర్లేదు, ఘాట్‌రోడ్డు మీద నడవక్కర్లేదు. ఇన్నేళ్లూ మేం కారు ఎక్కడో ఆపి ఆవిడ్ని నడిపించాం. లిఫ్ట్ తలుపు తెరుచుకుని పైన గాలి తగలగానే అత్తయ్య "అయ్యిందా? వచ్చేశామా?" అని అడిగారు. ఆ గొంతులో ఆశ్చర్యం విన్నాక, ఈ ప్రయాణానికి పెట్టిన ఖర్చు అక్కడికక్కడే చెల్లిపోయిందనిపించింది నాకు.

క్యూ సాఫీగా కదిలింది. ముక్కుపుడక మెరుపు ఒక్క క్షణం కనబడి, వెనకవాళ్లు తోసేలోపు అత్తయ్య రెండు చేతులూ జోడించి ఏదో అనుకున్నారు. కృష్ణ పొంగి అమ్మవారి ముక్కుపుడకను తాకినరోజున కలియుగం ముగుస్తుందని ఆవిడ పిల్లలకి చెప్పారు. అర్జునుడు పాశుపతాస్త్రం కోసం తపస్సు చేసిన కొండ ఇదేనని కూడా చెప్పారు. మల్లేశ్వరస్వామిని దర్శించుకుని, లడ్డూ, పులిహోర తీసుకుని, ఎనిమిదిన్నరకల్లా గదిలో ఉన్నాం. ఒంగోలు నుంచి ఒక్కరోజు ప్రయాణంగా వచ్చుంటే ఆ వేళకి ఇంకా చెప్పుల స్టాండు దగ్గర ఉండేవాళ్లం.

హోటల్ టిఫిన్ గది బాడుగలోనే కలిసి ఉంది. పెసరట్టు అక్కడికక్కడే వేసి ఇస్తున్నారు. అల్లం పచ్చడి బాగుంది, సాంబారు మామూలే. తిని అత్తయ్య పడుకున్నారు, పిల్లలు టీవీ ముందు చేరారు. మేమిద్దరం కిటికీ దగ్గర కాఫీ పెట్టుకుని కూర్చున్నాం. ఎక్కడికో పరుగెత్తాలన్న తొందర లేకుండా అలా కూర్చుని ఎన్నాళ్లయిందో.

మూడున్నరకి ఉండవల్లికి ఆటో మాట్లాడుకున్నాం, రానూపోనూ, అక్కడ ఆగినంతసేపు కలిపి. ప్రకాశం బ్యారేజీ మీదుగా దారి. మా చిన్నోడికి బ్యారేజీ పేరు చూడగానే సందేహమొచ్చింది. "మన జిల్లా పేరు ఇక్కడెందుకుంది నాన్నా?" రెండూ టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరే. ఆయన ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మొదటి ముఖ్యమంత్రి అయ్యారు. ఇక్కడ అంతకుముందు, కాటన్ దొర కాలంలో, 1855 నాటికి పూర్తయిన పాత ఆనకట్ట ఉండేది. 1952 వరదలకి అది తెగింది. దాని స్థానంలో కట్టిన ఈ బ్యారేజీ 1957 డిసెంబర్‌లో ప్రారంభమైంది. అదే ఏడాది మే నెలలో పంతులు గారు కన్నుమూశారు. తన పేరు పెట్టిన కట్టడం మీద ఆయన ఒక్కసారైనా నడవలేకపోయారని మా ఆయన చెబుతుంటే వాడు మాట్లాడకుండా విన్నాడు.

మధ్యలో ఆటో నెమ్మదించి రెండు వైపులా చూడమన్నాడు డ్రైవర్. ఎగువన నిండుగా, కదలిక తెలియని నీళ్లు. దిగువన ఇసుక మేటలు, మధ్యమధ్య మడుగులు, వాటిలో కొంగలు. కిలోమీటరుకి పైగా పొడవున 70 గేట్లు ఆ నీళ్లని ఆపి, రెండు వైపులా కాలువల్లోకి మళ్లిస్తున్నాయి. బెజవాడ ఊళ్లో నుంచి పారే బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ అన్నీ ఈ నీళ్లే. కృష్ణా డెల్టా వరిచేలన్నీ ఈ గోడ దగ్గరే మొదలవుతాయని పెద్దదానికి చెప్పాను. అది గేట్లు లెక్కపెడుతూ ఊఁ కొట్టింది.

డ్రైవర్‌ది సింగ్‌నగర్. 2024 సెప్టెంబరు వరదల మాట నేను అడక్కుండానే ఎత్తాడు. "అప్పుడు చూడాలమ్మా ఈ ఏరుని. పదకొండు లక్షల క్యూసెక్కులు దాటింది. ఇనప పడవలు కొట్టుకొచ్చి గేట్ల దగ్గర బరువు దిమ్మెలకి గుద్దుకున్నాయి. మాకు మాత్రం మునక కృష్ణమ్మ వల్ల కాదు, బుడమేరు వాగు వల్ల." తన ఇంటి గోడ మీద నీళ్లు నిలిచిన మరక ఎంత ఎత్తున ఉందో చూపించడానికి స్టీరింగ్ వదిలి చెయ్యి భుజం దాకా ఎత్తాడు. సున్నం రెండుసార్లు వేయించినా చెమ్మ గీత మళ్లీ పైకొస్తోందట. ఆటో ఇంజన్ లోపలికి మట్టి చేరితే బాగు చేయించడానికి అప్పు తెచ్చాడట. మేం టీవీలో చూసి అయ్యో అనుకుని మర్చిపోయిన సంగతి అది. ఆయన వీధిలో ఇంకా గోడల మీదే ఉంది. దిగేటప్పుడు మా ఆయన అనుకున్నదానికంటే కొంచెం ఎక్కువిచ్చారు. ఆయన వద్దని చాలాసేపు మొహమాటపడ్డాడు.

ఉండవల్లి గుహలు ఊరికి ఇంత దగ్గరగా ఉండీ, బెజవాడ వచ్చినవాళ్లలో సగం మంది చూడకుండా వెళ్లిపోవడం నాకు బాధగా ఉంటుంది. కొండనే నాలుగంతస్తులుగా తొలిచారు. కింది అంతస్తు పూర్తికాలేదు, కొన్ని స్తంభాలు సగం చెక్కి వదిలేసినట్టే ఉన్నాయి. ఉలి ఆగిన చోటు అలాగే కనిపిస్తుంది. విష్ణుకుండినుల కాలం నాటివని చెబుతారు. పైన రాతిలోంచే చెక్కిన అనంతపద్మనాభస్వామి పడుకుని ఉంటాడు. గది చీకటి, స్వామి పొడవు గది అంత. చిన్నోడు పాదాల దగ్గర నిలబడి తల కనబడటం లేదన్నాడు. అక్కడివాళ్లు దీపం వెలిగించి పాదాల నుంచి కిరీటం దాకా మెల్లగా జరిపారు. వెలుగు పడినంత మేరే కనిపిస్తూ, పొట్ట, ఛాతీ, చెయ్యి, ముఖం ఒకటి తర్వాత ఒకటి వచ్చాయి. అంత పెద్ద మూర్తిని ఒక్క రాతిలో తొలిచినవాళ్ల ఓపిక తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

అత్తయ్య పై అంతస్తుకి ఎక్కలేదు. కింద చెట్టునీడన అరుగు మీద కూర్చుని, ఎదురుగా పచ్చటి అరటితోటలు చూస్తూ, పక్కన జామకాయలు అమ్మే ఆవిడతో మాటల్లో పడ్డారు. మేం దిగొచ్చేసరికి ఆవిడ కూతురి కాన్పు సంగతులు కూడా తెలిసిపోయాయి. ఉప్పూకారం చల్లిన జామకాయ ముక్కలు మాకోసం కాగితంలో కట్టించి పెట్టారు. పదిహేనేళ్లలోపు పిల్లలకి లోపల టిక్కెట్ ఉండదు. పిల్లలతో వెళ్లేవాళ్లు గుర్తుపెట్టుకోవాలి.

గదికొచ్చేసరికి దీపాలు పెట్టే వేళ. నాయనమ్మా మనవడూ పడక వేశారు. మా పెద్దదీ నేనూ నడుచుకుంటూ లెనిన్ సెంటర్‌కి వెళ్లాం. నాకు ఊరి నడుమ దిగడంలో ఉన్న అసలు సుఖం అక్కడ తెలిసింది. పిల్ల చెయ్యి పట్టుకుని, ఆటో బేరాల్లేకుండా, ఎప్పుడు తిరిగి రావాలన్న లెక్కల్లేకుండా తిరగడం. లెనిన్ బొమ్మ దగ్గర పాత పుస్తకాల దుకాణాల్లో పుస్తకాలు నిలువెత్తు దొంతరలు. పదో తరగతి గైడ్లు, ఇంజనీరింగ్ పుస్తకాలు, అడుగున ఎక్కడో అట్టలు ఊడిన పిల్లల కథలు. మా పెద్దది నేల మీద కూర్చుని ఓ దొంతర అంతా దింపేసింది. దుకాణాయన ఏమీ అనలేదు సరికదా, "అడుగున ఇంకో కట్ట ఉంది, అది కూడా చూడమ్మా" అన్నాడు. తెలుగు పుస్తకాల అచ్చు, అమ్మకం అంటే దశాబ్దాలుగా బెజవాడే, ఏలూరు రోడ్డే. ఏటా జనవరిలో జరిగే పుస్తకాల పండక్కి రాలేకపోయామన్న లోటు దానికి కొంత తీరింది. లోపలి పేజీ మీద ఎవరో పాతికేళ్ల కిందట చెల్లెలికి పుట్టినరోజు కానుక అని రాసిచ్చిన బొమ్మల కథల పుస్తకం ఒకటి తీసుకుంది. ఆ చెల్లెలు ఎవరై ఉంటుందని దారంతా అడుగుతూనే ఉంది.

అక్కణ్ణుంచి బీసెంట్ రోడ్డు. అనీ బీసెంట్ పేరున్న ఈ వీధిలో శనివారం సాయంత్రం నడవాలంటే భుజం వేసి దారి చేసుకోవాలి. లెగ్గింగ్‌లు, చెప్పులు, ప్లాస్టిక్ డబ్బాలు, జడ పిన్నులు, "వంద, వంద, ఏదైనా వంద" అరుపులు. మూల మీద బండి దగ్గర పునుగులు వేస్తున్నాడు. పులిసిన పిండిని గుప్పిట్లో పట్టి బొటనవేలుకీ చూపుడువేలుకీ మధ్యనుంచి నూనెలోకి వదులుతుంటే, ఒక్కోటీ ఒకే సైజులో పడుతోంది. ఆ చెయ్యి ఆగదు, కళ్లు మాత్రం గిరాకీ మీద ఉన్నాయి. పల్లీ చట్నీ, అల్లం చట్నీ రెండూ పోయించుకుని అక్కడే తిన్నాం, గదిలోవాళ్లకి పొట్లం కట్టించాం. బెజవాడ పునుగు పైన కరకర, లోపల మెత్తన. ఒంగోల్లో ఆ రుచి నాకింకా దొరకలేదు.

ఆదివారం

పొద్దున్నే గాంధీనగర్ బాబాయి హోటల్‌కి నడిచి వెళ్లాం. హోటల్లో టిఫిన్ ఉచితమే అయినా, ఇంత దూరం వచ్చి బాబాయి ఇడ్లీ తినకుండా వెళ్లనని మా ఆయన పట్టు. జనం గోడ వారగా నిలబడి ఉన్నారు. వేడి ఇడ్లీల మీద వెన్నముద్ద పెట్టి ఇస్తారు. అది కరిగి జారిపోయేలోపు కారప్పొడి అద్దుకుని తినాలి. అత్తయ్యకి కుర్చీ దొరికేదాకా ఎదురుచూసి కూర్చోబెట్టాం. ఆవిడ మామూలుగా బయట తిండి ముట్టరు. ఓ ఇడ్లీ తిని, ఇంకోటి పెట్టించమన్నారు.

తర్వాత బందరు రోడ్డు వైపు సిటీ బస్సెక్కాం. స్త్రీశక్తి పథకం వచ్చాక ఆడవాళ్లు సిటీ ఆర్డినరీలో టిక్కెట్‌కి డబ్బు కట్టక్కర్లేదు కాబట్టి, అత్తయ్య ఆధార్ కార్డు చేత్తో పట్టుకుని కండక్టర్ కోసం ముందే సిద్ధంగా కూర్చున్నారు. పున్నమ్మతోట దగ్గర ఆకాశవాణి కేంద్రం రాగానే నేనే చూపించాను. ఆవిడ కిటికీలోంచి మెడ తిప్పి కనుమరుగయ్యేదాకా చూశారు. 1948 డిసెంబర్ 1న మొదలైన స్టేషన్ అది. మా అత్తయ్య తరం వాళ్ల పొద్దు దాంతోనే పొడిచేది. భక్తిరంజని వింటూ కల్లాపి చల్లడం, ప్రాంతీయ వార్తలు అయ్యేలోపు మామయ్యగారికి క్యారేజీ కట్టడం. ఉషశ్రీ గారి గొంతులో రామాయణం, భారతం వినడానికి వీధిలో రేడియో ఉన్న మా ఇంటికే అందరూ వచ్చేవాళ్లని, వంటింటి గుమ్మం దాకా చాపలు పరిచేదాన్నని చెప్పారు. ఈ మాటలు నేను పెళ్లయి వచ్చాక ఎప్పుడూ వినలేదు. బస్సులో వెనక సీటు ఆవిడ కూడా ముందుకి వంగి, "ధర్మసందేహాలు కూడా వచ్చేవి కదండీ" అని అందుకున్నారు. ఇద్దరూ స్టాపు వచ్చేదాకా ఆపలేదు.

బాపు మ్యూజియం దగ్గర దిగాం. 1887లో విక్టోరియా రాణి స్వర్ణోత్సవం పేరు మీద మొదలైన పాత రాతి భవనం అది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో కాంగ్రెస్ కమిటీ సమావేశాలు జరిగినప్పుడు పింగళి వెంకయ్య గారు గాంధీజీకి జెండా నమూనా చూపించింది ఇక్కడే. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటి మంది సభ్యులు, 20 లక్షల రాట్నాలు అని తీర్మానించిందీ ఆ సమావేశాల్లోనే. స్కూల్లో జెండా వందనం రోజు పిల్లలు అప్పజెప్పే పాఠం, ఆ ఆవరణలో నిలబడి చదివితే వేరుగా వినిపిస్తుంది. లోపల రాతి విగ్రహాల మధ్య తెల్లటి బుద్ధుడి ముందు చిన్నోడు ఆగి, "ఈయన నిలబడ్డాడు, నిన్నటి స్వామి పడుకున్నాడు" అన్నాడు. మిగతా గదులు త్వరగానే చూసేశాం.

స్వరాజ్ మైదానంలో 2024 జనవరిలో ఆవిష్కరించిన అంబేడ్కర్ విగ్రహం 125 అడుగులు, కింద పీఠం 81 అడుగులు. ఎండెక్కడంతో దూరం నుంచే చూసి దణ్ణం పెట్టుకున్నాం. చూడాలంటే సాయంత్రం దీపాల వెలుగులో రావాలి.

మధ్యాహ్నం గదిలోనే భోజనం తెప్పించుకున్నాం. గోంగూర, ముద్దపప్పు, ఉలవచారు మీద మీగడ. తిని అందరం నిద్రపోయాం. సాయంత్రం రైలు వేళ దాకా గది మాదే. చెకౌట్ గంట మోగదని తెలిసిన నిద్ర ఎంత బాగుంటుందో! లేచాక మా ఆయన లేపాక్షి హస్తకళల దుకాణానికి వెళ్లి కొండపల్లి బొమ్మలు తెచ్చారు, ఎడ్లబండి ఒకటి, తాడిచెట్టెక్కే గీత కార్మికుడు ఒకటి. తెల్లపొణికి కర్ర కాబట్టి చేతిలో బరువే తెలియదు. ముక్కలు అతికించడానికి చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కు వాడతారని అక్కడివాళ్లు చెప్పారట. చిన్నోడు ఎద్దు కొమ్ము పట్టి లాగి చూసి ఊడలేదని ఒప్పుకున్నాడు.

బిల్లు కట్టేటప్పుడు ఒక సంగతి గమనించాను. 7,500 రూపాయల లోపు గదులకి 2025 సెప్టెంబర్ నుంచి జీఎస్టీ 5 శాతమే. ముందు పన్నెండుండేది. బిల్లులో అది సరిగ్గా వేశారో లేదో చూసుకోవడం మంచిది. మాకు సరిగ్గానే వేశారు. శుక్రవారం రాత్రి గది మార్చిన కుర్రాడే కౌంటర్లో ఉన్నాడు. "అమ్మగారికి నిద్ర పట్టిందా?" అని తనే అడిగాడు.

రైలెక్కి కూర్చోగానే అత్తయ్య చీరాలలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేశారు. దర్శనం సంగతి రెండు మాటల్లో ముగించి, లిఫ్ట్ ఎటువైపు ఉందో, మహామండపానికి ఆటో ఎక్కడ దిగాలో, హోటల్లో వెనకవైపు గది ఎందుకడగాలో వివరంగా చెబుతున్నారు. తెనాలి దాటినా ఫోన్ పెట్టలేదు. "మోకాళ్లదేముందే, నేనే వెళ్లొచ్చాగా. వేసవి సెలవులు కాకుండా చూసుకో, బెజవాడ ఎండ తట్టుకోలేవు. కార్తీకంలో అయితే నేనూ వస్తా. ఆ రేడియో స్టేషన్ ముందు దిగి చూద్దాం, ఈసారి బస్సు ఆపలేదు."